హార్మోన్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: వృషణాలు, అండాశయాలు

పోయిన పాఠంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పని చేయమని చెప్పే హార్మోన్) చదవడం వచ్చిందిగా? అయితే ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

వృషణాలు, అండాశయాలు అనే ఈ గ్రంథులకు రెండు పనులు: బీజకణాలను (వీర్యకణాలు, అండాలు) తయారు చేయడం, హార్మోన్లను రక్తంలోకి వదలడం. రెండో పని సంగతి 1849లో బెర్తోల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కోడిపుంజులతో తేల్చాడు. వృషణాలు తీసేసిన పుంజు తలమీది తురాయి కుంచించుకుపోయింది, పోట్లాట మానేసింది. అదే వృషణాన్ని పొట్టలో ఇంకోచోట పెడితే, పాత నరాలు తెగిపోయినా, మామూలు పుంజులాగే కూసింది. అంటే కబురు మోసింది రక్తమే.

ఇక రిపోర్టు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్ల రూపంలో ఆర్డరు పెడుతుంది, కింది గ్రంథి (వృషణం లేదా అండాశయం) సరుకు, అంటే తన హార్మోన్, పంపుతుంది. సరుకు చాలితే ఆర్డరు తగ్గుతుంది, చాలకపోతే పెరుగుతుంది. కాబట్టి ఏ అంకెనూ ఒంటరిగా చదవొద్దు.

ఒక మగవాడి రిపోర్టులో టెస్టోస్టిరాన్ (వృషణాలు వదిలే హార్మోన్) తక్కువ, ఎల్‌హెచ్ ఎక్కువ ఉందనుకోండి. పైనుంచి ఎంత అరిచినా కింద పలకడం లేదు, లోపం వృషణాల్లోనే. ఇంకొకరికి టెస్టోస్టిరాన్ తక్కువే, ఎల్‌హెచ్ మాత్రం 'నార్మల్'. నేను మొదట్లో బోల్తా పడింది ఇక్కడే. సరుకు లేనప్పుడు ఆర్డరు పెరగాలి కదా! పెరగలేదంటే పై గ్రంథిని అనుమానించాలి. అన్నట్టు, టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా ఉంటుంది. సాయంత్రం తీసిన రక్తంతో తక్కువ వచ్చిందని టెన్షన్ పడకండి, పొద్దున మళ్లీ చేయించాలి.

ఆడవాళ్ల రిపోర్టులో అంకెకన్నా ముందు తేదీ చూడాలి. అండాశయం పని రోజురోజుకూ మారుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను సాధారణంగా నెలసరి 2, 3 రోజుల్లో చూస్తారు. అండం విడుదలకు కాస్త ముందు ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అండాశయం వదిలే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగేది ఆ విడుదల తర్వాతే, అందుకే 28 రోజుల చక్రంలో దాన్ని 21వ రోజు ప్రాంతంలో చూస్తారు. 5వ రోజు చేయించి 'తక్కువగా ఉంది' అంటే అర్థం లేదు. మెనోపాజ్ దాటాక ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువ రావడం మామూలే, జబ్బు కాదు.

అభ్యాసం: కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేసుకునే కుర్రాడి రిపోర్టులో టెస్టోస్టిరాన్ బాగా ఎక్కువ, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ దాదాపు సున్నా. అతని వీర్యకణాల సంఖ్య ఎలా ఉంటుంది? ఎందుకు? కాగితం మీద రాసి ఉంచండి, 5వ పాఠం అక్కడినుంచే మొదలు.