హెచ్3ఎన్2 మ్యుటేషన్లను హీమాగ్లుటినిన్ నిర్మాణం మీద సరైన చోట గుర్తించడం ఎలా?

ఫ్లూ వైరస్ సీక్వెన్సులు దించుకుని, వంశవృక్షం గీసి, మారిన అమైనో ఆమ్లాలకు ప్రొటీన్ నిర్మాణం మీద రంగు వేయడం ఇప్పుడు మామూలు లాప్‌టాప్‌లో ఒక్క రోజు పని. చివర్లో వచ్చే బొమ్మ ఎప్పుడూ అందంగానే ఉంటుంది, అందులో తప్పున్నా సరే. చిక్కు అక్కడే. ఎక్కువ తప్పులు రెండు చోట్ల దొర్లుతాయి: ఒకటి స్థానాలకు నంబర్లు వేయడంలో, రెండోది ఆ వైరస్‌ను దేంట్లో పెంచారో చూసుకోకపోవడంలో. ఈ రెండింటినీ కాస్త నిదానంగా చెప్పుకుందాం. మిగతా మెట్లు త్వరగా దిగిపోవచ్చు.

ఉదాహరణగా మనుషుల్లో తిరిగే హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్ హీమాగ్లుటినిన్‌ను (వైరస్ ఉపరితలం మీద ఉండి మన కణాలకు అతుక్కునే ప్రొటీన్, ఇకపై హెచ్ఏ) తీసుకుందాం. 1968లో హాంగ్‌కాంగ్ ఫ్లూగా వచ్చినప్పటి నుంచి ఇది మనల్ని వదల్లేదు కాబట్టి అర్ధశతాబ్దానికి పైబడిన నమూనాలు వరుసగా దొరుకుతాయి.

సీక్వెన్సులు ఏరుకోవడం

జీఐఎస్‌ఏఐడీలోని ఎపిఫ్లూ అనే ఫ్లూ డేటాబేస్‌కు లాగిన్ కావాలి, అక్కడి సీక్వెన్సులను మళ్లీ బయట పెట్టకూడదు. ఎన్‌సీబీఐ వైరస్ అనే మరో డేటాబేస్‌లో ఈ షరతు లేదు. ఎక్కడ తీసుకున్నా నాలుగో సెగ్మెంట్ (ఫ్లూ జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి, హెచ్ఏది నాలుగోది), మనుషుల నమూనాలు, పూర్తి పొడవు కోడింగ్ భాగం ఉన్నవే తీసుకోండి. హెచ్3లో ఆ భాగం 1701 న్యూక్లియోటైడ్లు. ఆగు కోడాన్ తీసేస్తే 1698, అంటే 566 అమైనో ఆమ్లాలు. ఈ లెక్క గుర్తుంటే పాడైన సీక్వెన్స్ చూడగానే దొరికిపోతుంది. అనువదిస్తే మధ్యలో ఆగు కోడాన్ వచ్చేవి, తెలియని బేసులు ఒక శాతం దాటినవి పక్కన పెట్టండి.

దొరికినవన్నీ వేసేయొద్దు. ఇటీవలి ఏళ్లవి వేలల్లో, 1970ల నాటివి పదుల్లో ఉంటాయి. ఏడాదికి 10 నుంచి 15 చొప్పున, వేర్వేరు దేశాల నుంచి ఏరితే 600కు అటూ ఇటూ వస్తాయి, అది చాలు. సేకరణ తేదీలో సంవత్సరం ఒక్కటే ఉన్న పాత నమూనాలను వదులుకోలేం గానీ, వాటిని జనవరి 1 అని రాయకండి. ఏడాది మొత్తాన్ని అనిశ్చిత తేదీగా ఇవ్వండి, చెట్టుకు కాలం లెక్కగట్టే ట్రీటైమ్ ప్రోగ్రామ్ దాన్ని అర్థం చేసుకుంటుంది.

ఎనిమిది సెగ్మెంట్లనూ కలిపి ఒకే పొడవాటి సీక్వెన్స్ చేసి చెట్టు గీయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఫ్లూ విషయంలో అది కుదరదు. సెగ్మెంట్లు వైరస్‌ల మధ్య మార్పిడి అవుతుంటాయి, ఒక్కో సెగ్మెంట్‌ది ఒక్కో చరిత్ర. హెచ్ఏకు హెచ్ఏ చెట్టే గీయాలి.

పెంపకం కాలమ్ చదవకుండా ముందుకెళ్లొద్దు

మెటాడేటాలో పాసేజ్ అనే కాలమ్ ఉంటుంది. అక్కడ 'ఒరిజినల్' లేదా 'క్లినికల్ స్పెసిమెన్' అని ఉంటే రోగి ముక్కు నుంచి తీసిన నమూనానే నేరుగా చదివారన్నమాట. 'ఇ' అక్షరం పక్కన అంకె ఉంటే కోడిగుడ్లలో అన్నిసార్లు పెంచారని. 'సియాట్' అని ఉంటే ఎండీసీకే-సియాట్ అనే ల్యాబు కణాల్లో పెంచారని.

వైరస్ పట్టుకునేది కణాల మీది సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను. గుడ్డులోని కణాల మీద ఉండే సయాలిక్ ఆమ్లపు లంకె మన ముక్కు, గొంతు కణాల మీద ఎక్కువగా కనిపించే లంకెలాంటిది కాదు. దాంతో గుడ్డులో పెరిగే హెచ్3ఎన్2, తన గ్రాహక గుంట (హెచ్ఏ ఆ చక్కెరను పట్టుకునే చోటు) చుట్టూ మార్పులు తెచ్చుకుంటుంది. 186వ స్థానంలో గ్లైసిన్ పోయి వాలిన్ రావడం, 194లో లూసిన్ పోయి ప్రొలిన్ రావడం ఇలాంటివే. మన రోగనిరోధక శక్తి ఒత్తిడి చేసేదీ సరిగ్గా ఆ గుంట చుట్టూనే. అందుకే గుడ్డు మార్పును చూసి సహజ పరిణామం అనుకోవడం తేలిక. గుడ్డులో పెంచినవన్నీ తీసేయడమే మంచిది. 1970, 80ల నమూనాల్లో గుడ్డువి తప్ప వేరేవి దొరక్కపోతే ఉంచండి, కానీ చెట్టు కొసన ఆ ఒక్కదాంట్లోనే కనిపించే మార్పును లెక్కలోకి తీసుకోవద్దు.

కణాల్లో పెంచినవి కూడా పూర్తిగా శుద్ధమని కాదు. న్యూరమినిడేజ్ (వైరస్ ఉపరితలం మీది మరో ప్రొటీన్) మీద పని చేస్తుంటే 151వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం మారినట్టు కనిపిస్తే ముందు ఎండీసీకే కణాలను అనుమానించండి.

అలైన్‌మెంట్, నంబర్లు

సీక్వెన్సులను స్థానాల వారీగా ఒకదాని కింద ఒకటి పేర్చడానికి (అదే అలైన్‌మెంట్) మాఫ్ట్ ప్రోగ్రామ్‌లో ఆటో ఆప్షన్ సరిపోతుంది. 1968 నుంచి మనుషుల హెచ్3లో చేర్పులు, తొలగింపులు దాదాపు లేవు కాబట్టి, అలైన్‌మెంట్‌లో ఖాళీ గీత కనిపిస్తే వైరస్ కంటే ముందు సీక్వెన్స్‌ను అనుమానించాలి.

ఇక నంబర్లు. 566 అమైనో ఆమ్లాల్లో మొదటి 16 సంకేత పెప్టైడ్ (ప్రొటీన్‌ను కణంలో సరైన దారికి పంపే ముక్క), అది తెగిపోతుంది. తర్వాతి 329 హెచ్ఏ1, ఆ తర్వాతి 221 హెచ్ఏ2, హెచ్ఏ తెగితే వచ్చే రెండు ముక్కలివి. పరిశోధన పత్రాల్లో '156వ స్థానం' అంటే హెచ్ఏ1 మొదలైన చోటు నుంచి లెక్క. మీ అలైన్‌మెంట్‌లో అది 172వ కాలమ్. హెచ్ఏ2 స్థానాలకు 345 కలపాలి. పీడీబీ (ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్) ఫైళ్లది మరో తీరు: కొన్నిటిలో హెచ్ఏ2 నంబర్లు 1 నుంచి, కొన్నిటిలో 501 నుంచి మొదలవుతాయి.

లెక్క కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక చిట్కా. సంకేత పెప్టైడ్ తీసేశాక 98లో టైరోసిన్, 153లో ట్రిప్టోఫాన్, 183లో హిస్టిడిన్, 195లో టైరోసిన్ ఉండాలి. ఈ నాలుగూ గ్రాహక గుంట అడుగున ఉంటాయి, మారడం చాలా అరుదు. నాలుగూ కుదిరితే హెచ్ఏ1 నంబర్లు సరైనవే. (98 నుంచి 106 వరకున్న తొమ్మిది అమైనో ఆమ్లాలను ల్యాబుల్లో రోజూ 'హెచ్ఏ ట్యాగ్' పేరుతో వాడుతుంటారు. ఆ ట్యాగ్ పుట్టిల్లు ఇదే.)

హెచ్1 మీద పని చేసేవాళ్లు ఈ లెక్కను యథాతథంగా వాడకండి. అక్కడ సంకేత పెప్టైడ్ 17, మధ్యలో తేడాలూ ఉన్నాయి. 2009 హెచ్1ఎన్1లో 222 అని కొందరు రాసేదే హెచ్3 లెక్కలో 225. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు పని చేయకుండా చేసే న్యూరమినిడేజ్ మార్పు కూడా అంతే: ఎన్1 లెక్కలో 275, ఎన్2 లెక్కలో 274. ఒకే మార్పును రెండుగా లెక్కపెట్టిన పట్టికలు కొత్తేమీ కాదు.

చెట్టు

చెట్టు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌లో మోడల్‌ను (న్యూక్లియోటైడ్లు మారే తీరును చెప్పే సూత్రం) దానికే వదిలేయవచ్చు, లేదా జీటీఆర్‌కు గామా నాలుగు వర్గాలు కలిపి ఇవ్వండి. బూట్‌స్ట్రాప్ (కొమ్మలు ఎంత నమ్మదగినవో చూసే పరీక్ష) 1000 సార్లు. వేరు 1968 నమూనాల దగ్గర పెట్టండి. మనుషుల హెచ్3 చెట్టు గుబురుగా ఉండదు. ఒకే పొడవాటి కాండం, దానికి పొట్టి పొట్టి కొమ్మలు, నిచ్చెనలా సాగుతుంది. గుబురుగా వచ్చిందంటే పందుల నమూనాలో, పందుల నుంచి మనిషికి సోకినవో కలిసిపోయాయేమో చూడండి.

తర్వాత ట్రీటైమ్‌లో వేరు నుంచి కొస దూరాన్ని తేదీతో పోల్చి గీత గీయండి. హెచ్3 హెచ్ఏకు ఏడాదికి ఒక్కో స్థానానికి సుమారు 0.004 నుంచి 0.005 మార్పులు రావాలి, అంటే జన్యువు మొత్తం మీద ఏడాదికి ఏడెనిమిది. గీతకు చాలా కింద పడిన నమూనాకు తేదీ తప్పయినా అయ్యుండాలి, ల్యాబులో పాత వైరస్ కలిసిపోయినా అయ్యుండాలి. ఈ రెండోది వింత కాదు. 1977లో మళ్లీ వచ్చిన హెచ్1ఎన్1, 1950 ప్రాంతపు వైరస్‌లను దాదాపు అచ్చు గుద్దినట్టు ఉంది. పాతికేళ్లకు పైగా దాని గడియారం నడవనే లేదు.

మార్పులను లోపలి కొమ్మల మీద మాత్రమే లెక్కపెట్టండి. సీక్వెన్సింగ్ తప్పులు, గుడ్డు మార్పులు, వైరస్‌కు హాని చేసి త్వరలోనే మాయమయ్యేవి, అన్నీ కొసల మీదే పోగవుతాయి. కాండం మీద నిలిచిన మార్పే వైరస్ నిజంగా మోసుకెళ్లింది.

నిర్మాణం మీదకు

1968 హాంగ్‌కాంగ్ వైరస్ హెచ్ఏకు పీడీబీలో 4ఎఫ్‌ఎన్‌కె, 2011 విక్టోరియా వైరస్‌కు 4ఓ5ఎన్ మంచివి. సయాలిక్ ఆమ్లపు అనలాగ్ అతుక్కుని ఉన్నది కావాలంటే 1హెచ్‌జీజీ. నిర్మాణాలను చూపే కైమెరాఎక్స్‌లో తెరిచినప్పుడు ఒక్క హెచ్ఏ1, ఒక్క హెచ్ఏ2 మాత్రమే కనిపిస్తే అది మూడో వంతే, ఎందుకంటే హెచ్ఏ అలాంటి మూడు నకళ్లు కలిసిన ట్రైమర్. బయోలాజికల్ అసెంబ్లీ ఫైలు తీసుకుని మూడూ ఉన్న ట్రైమర్ మీదే పని చేయండి. నీటికి తెరిచి ఉన్న ఉపరితలాన్ని ఒక్క మోనోమర్ మీద లెక్కిస్తే, ట్రైమర్ లోపల దాగిన అమైనో ఆమ్లాలు కూడా బయట ఉన్నట్టు చూపిస్తుంది. యాంటీబాడీ చేరలేని చోట 'యాంటీబాడీ ఒత్తిడి' కనిపెట్టేది ఇలాగే. ఈ ఉపరితలాన్ని లెక్కించే ఫ్రీశాశాలో ప్రోబ్ (నీటి అణువు సైజు గోళం) 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే ఉంచి, సాపేక్ష విలువ 20 శాతం దాటితే బయట ఉన్నట్టు తీసుకోండి.

1హెచ్‌టీఎమ్ అనే ఫైలు కూడా హెచ్ఏదే, కానీ ఆమ్లంలో రూపం మారాక ఉండే హెచ్ఏ2 ముక్క. పొడవాటి కడ్డీలా కనిపిస్తే పొరపాటున దాన్ని తెరిచారని అర్థం. ఇంకొకటి: చాలా హెచ్ఏ నిర్మాణాల్లో పొరలో దిగబడే తోక ఉండదు. పాతవాటిలో బ్రోమెలైన్‌తో హెచ్ఏ2 175 దగ్గర కోసేశారు. అనాస నుంచి తీసే ఎంజైమే అది. తోకలో వచ్చిన మార్పులకు ఈ బొమ్మ మీద చోటు లేదు, వాటిని పట్టికలో మాత్రం చూపించండి.

ఒక్క స్థానాన్ని దగ్గరగా చూద్దాం

156ను తీసుకోండి. ఇది గ్రాహక గుంట అంచున, బి అనే యాంటీజెనిక్ స్థలంలో (యాంటీబాడీలు గుర్తుపట్టే చోటు) ఉంటుంది. 1968లో అక్కడ లైసిన్. 1979 బ్యాంకాక్ రకం వచ్చేసరికి గ్లుటామిక్ ఆమ్లం, అంటే ధనావేశం పోయి రుణావేశం. 1992 బీజింగ్ రకంలో మళ్లీ లైసిన్. 1997 సిడ్నీలో గ్లుటమిన్, 2002 ఫుజియాన్‌లో హిస్టిడిన్, 2021 డార్విన్‌లో సెరిన్. 2003 వరకు జరిగిన పెద్ద యాంటీజెనిక్ మలుపులకు ఏడే ఏడు స్థానాలు ముఖ్య కారణమని 2013లో తేలింది: 145, 155, 156, 158, 159, 189, 193. అన్నీ గుంటకు ఆనుకుని ఉన్నవే.

ఇప్పుడు అసలు మెలిక. 2011 విక్టోరియా టీకా వైరస్‌ను గుడ్లలో పెంచితే 156లోని హిస్టిడిన్ గ్లుటమిన్ అయింది. సిడ్నీ రకంలో సహజంగా వచ్చిన అక్షరమే, అదే చోట. పాసేజ్ కాలమ్ చూడకపోతే, వైరస్ 1997 నాటి రూపానికి తిరిగి వచ్చిందని రాసేస్తారు.

చక్కెర గొలుసులు

ఆస్పరాజిన్, ప్రొలిన్ కాని ఏదో ఒకటి, ఆ తర్వాత సెరిన్ లేదా థ్రియోనిన్: ఈ వరుస ఉన్నచోట చక్కెర అతుక్కునే అవకాశం ఉంది. అందుకే మార్పును విడిగా చూడకుండా ముందూ వెనకా రెండేసి స్థానాలు కలిపి చూడండి. 2014 ప్రాంతంలో 160లో లైసిన్ పోయి థ్రియోనిన్ రాగానే, ఏమీ మారని 158లోని ఆస్పరాజిన్ మీద కొత్త చక్కెర వచ్చి బి స్థలాన్ని కప్పేసింది. గుడ్డులో పెంచితే ఆ థ్రియోనిన్ మళ్లీ లైసిన్ అయి చక్కెర ఊడిపోయింది. 160కి మాత్రమే రంగు వేసిన బొమ్మలో ఈ కథ కనిపించదు. స్ఫటిక నిర్మాణాల్లో చక్కెర గొలుసు మొదటి ఒకటి రెండు లంకెలే కనిపిస్తాయి, అసలు గొలుసు దానికంటే చాలా పెద్దది.

మ్యుటేషన్ పెట్టి, సీక్వెన్స్ నుంచి నిర్మాణాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్‌తో కొత్త నిర్మాణం గీయించడం వల్ల ఇక్కడ పెద్ద ప్రయోజనం లేదు. ఒక్క అమైనో ఆమ్లం మార్పుకు వచ్చే తేడాను అది నమ్మదగినట్టుగా చూపదు, చక్కెరలూ ఉండవు. స్థిరత్వం గురించి మాట్లాడాలంటే ఆ మార్పు ఏ నేపథ్యంలో వచ్చిందో చూడాలి. 1968 ఐచీ నుంచి 2007 బ్రిస్బేన్ వరకు న్యూక్లియోప్రొటీన్ అనే మరో ఫ్లూ ప్రొటీన్‌లో 39 మార్పులు వచ్చాయి. వాటిలో 259, 280, 384 స్థానాల మార్పులను విడివిడిగా 1968 ప్రొటీన్‌లో పెడితే వైరస్ దెబ్బతింది. అసలు చరిత్రలో మాత్రం ప్రొటీన్‌ను గట్టిపరిచే వేరే మార్పులు వాటికి దారి చేసిపెట్టాయి. కాబట్టి 2007 మార్పును 1968 నిర్మాణం మీద పెట్టి 'ఇది హానికరం' అని తేల్చేయకండి, చెట్టులో దాని పక్క కొమ్మ మీద ఏమేం వచ్చాయో ముందు చూడండి.

బొమ్మ కింద రాసే వరుసలో ఇవన్నీ ఉండాలి: పీడీబీ సంఖ్య, ఆ నిర్మాణం ఏ వైరస్‌దో, ఏ లెక్కలో నంబర్లు వేశారో, హెచ్ఏ1నా హెచ్ఏ2నా, గుడ్డు నమూనాలు తీసేశారా ఉంచారా, మార్పులు లోపలి కొమ్మలవేనా.