కంటి పరీక్షకు తయారవడం – 2వ పాఠం: ఒక కన్ను మూసి చూడండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. "మీకు కంటితో ఇబ్బంది ఏమిటి?" అని డాక్టరు అడిగితే ఏం చెబుతారో ఒక్క వాక్యం రాసి పెట్టుకోమన్నాను. మీలో సగం మంది "చూపు మసకగా ఉంది" అని రాసి ఉంటారు. చార్టు పక్కన నిలబడి ఆ వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దాన్ని కొట్టేసి మళ్లీ రాద్దాం.

మసక అంటే దూరంవా, దగ్గరవా? ఒక కంటికా, రెండిటికీనా? మెల్లగా వచ్చిందా, నిన్న పొద్దున లేచేసరికి వచ్చిందా? పొద్దున బాగుండి, సాయంత్రం కంప్యూటర్ ముందు నుంచి లేచాక వస్తోందా? ఈ నాలుగూ నాలుగు దారులు. అందుకే ఇలా రాసి చూడండి: "ఆర్నెల్లుగా స్టాపులో 218 వస్తుంటే 216 అనుకుంటున్నాను. పేపరు మాత్రం బాగానే చదువుతున్నాను. రాత్రి ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు చెదిరి కనబడుతున్నాయి." ఇంత చెబితే డాక్టరుకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.

నలభై దాటినవాళ్లు ఫోను చాచిన చేతిలో పెట్టి చదువుతుంటే అది చాలావరకు చత్వారమే. మాటలోనే వయసు ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే 40. కంటి లోపలి కటకం మునుపటిలా వంగడం మానేస్తుంది, అంతే. దాని గురించి బెంగ అక్కర్లేదు, కానీ చత్వారమే అని తీర్మానించుకుని పరీక్ష ఎగ్గొట్టకూడదు.

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇప్పుడు. రెండు కళ్లూ తెరిచి చూసినంత కాలం బాగున్న కన్ను బాగోలేని కన్ను సంగతి దాచిపెడుతుంది. ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు. మనవడి పోరు పడలేక వచ్చానని, తనకు ఏ ఇబ్బందీ లేదని అన్నారు. ఎడమ కన్ను మూయగానే "లైటు తగ్గించారేంటి?" అని అడిగారు. లైటు ఎవరూ తగ్గించలేదు. కుడి కంట్లో శుక్లం ముదిరిపోయి ఉంది, ఆయనకు అప్పటిదాకా తెలియనే లేదు.

కాబట్టి ఇంట్లో ఇలా చేయండి. గోడ మీది తెలుగు క్యాలెండరు మంచి చార్టు. తేదీలు పెద్దవి, తిథి, నక్షత్రం అంతకంటే చిన్నవి, వర్జ్యం, రాహుకాలం చీమతలకాయలంత. పగలు, బాగా వెలుతురున్నప్పుడు, మూడు మీటర్ల దూరంలో నిలబడండి. దూరానికి అద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే చూడాలి. తీర్థం తీసుకునేటప్పుడు అరచేయి గుంటలా చేస్తాం కదా, అలాగే చేసి ఒక కంటిని కప్పండి. వేళ్లతో నొక్కొద్దు. నొక్కితే ఆ కన్ను తెరిచాక కాసేపు మసకగానే ఉంటుంది, లెక్క తప్పుతుంది. కుడి కన్ను ఏ వరుస దాకా చదివింది, ఎడమ కన్ను ఏ వరుస దాకా చదివింది, రాసుకోండి. ఎంత చదివారన్నది పక్కన పెట్టండి, రెండింటికీ తేడా ఉందా అన్నదే ముఖ్యం.

ఆస్పత్రి చార్టు కూడా ఇలాంటిదే, కాకపోతే కొలత ఉంటుంది. 1862లో నెదర్లాండ్స్‌కు చెందిన స్నెల్లెన్ అనే కంటి వైద్యుడు తయారుచేసింది. మీ చీటీ మీద 6/12 అని ఉంటే, మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదవగలిగే అక్షరాన్ని మీరు 6 మీటర్లకు వచ్చి చదివారని. 6/6 అంటే మామూలు చూపు.

క్యాలెండరు అయ్యాక కిటికీ గ్రిల్లు. ఒక్కో కంటితో దాని కడ్డీలను చూడండి. నిటారు కడ్డీ మధ్యలో వంగినట్టో, కొంత భాగం చెరిగిపోయినట్టో కనబడితే రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) మధ్యభాగంలో తేడా ఉండొచ్చు. అలాంటప్పుడు మామూలు అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడొద్దు, వెంటనే వెళ్లండి. ఉన్నట్టుండి మెరుపులు, కళ్ల ముందు నల్ల చుక్కల జల్లు, పక్క నుంచి తెర దిగుతున్నట్టుండటం, చూపు ఒక్కసారిగా తగ్గడం, ఎర్రబడ్డ కంట్లో విపరీతమైన నొప్పితో పాటు వాంతులు... వీటిలో ఏదొచ్చినా ఆ రోజే పరుగెత్తాలి, ఈ పాఠాలతో పని లేదు.

ఇక సంచీ సర్దుకోవడం. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రికి వెళ్లినా, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్‌కు వెళ్లినా, మీ గల్లీ చివరి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా సంచీలో ఉండాల్సినవి అవే. ఇంట్లో ఉన్న అద్దాలన్నీ వేసుకోండి: విరిగినవి, నచ్చక పక్కన పడేసినవి, 2018లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు క్యాంపుల్లో ఇచ్చినవి కూడా. పాత చీటీలు పెట్టుకోండి. క్యాంపులో చూపించుకున్నాం కదా అంటారు చాలామంది. క్యాంపు వడపోత లాంటిది, పూర్తి పరీక్ష కాదు. కళ్లజోళ్ల షాపులో చేసే 'కంప్యూటర్ చెకప్' అయితే అద్దాల పవర్‌ను అంచనా వేస్తుంది, అంతే. కంటి నరాన్ని చూడదు.

గోలీలు అన్నీ షీట్లతో సహా తీసుకెళ్లండి. కంటికీ గోలీలకూ ఏం సంబంధం అనుకోకండి. క్షయకు వాడే ఎథాంబుటాల్ కంటి నరం మీద, కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ రెటీనా మీద ప్రభావం చూపొచ్చు. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ సంగతి శుక్లం ఆపరేషన్ చేసేవాళ్లకు ముందే తెలియాలి. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది స్టెరాయిడ్ చుక్కల విషయంలో. కళ్లు దురదగా ఉన్నాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు, రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఇక ఆ సీసా ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉంటుంది. అలా నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులకు (గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) దారి తీస్తుంది. ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 mmHg మధ్య ఉంటుంది, పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు. ఆ సీసా ఖాళీదైనా సరే సంచీలో వేయండి. సిగ్గుపడొద్దు.

నీటికాసులు కుటుంబంలో వచ్చే జబ్బు కూడా. "మా నాన్నకు చివర్లో చూపు పోయింది, వయసైపోయింది కదా" అని తేలిగ్గా అనేస్తారు. ఊళ్లో పెద్దమ్మకో మేనత్తకో ఫోను చేసి అడగండి: శుక్లమా, నీటికాసులా, షుగరా? అమ్మ, నాన్న, తోడబుట్టినవాళ్ల గురించి ఆ ఒక్క మాట తెలిస్తే డాక్టరు చూసే తీరే మారుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కటకంలోకి నీరు చేరి పవర్ మారిపోతుంది. షుగర్ 350 ఉన్న రోజున రాసిన అద్దాలు, అది అదుపులోకి వచ్చాక తలనొప్పి తెస్తాయి. అలాగని పరీక్ష వాయిదా వేయకండి. రెటీనా చూపించుకోండి, కొత్త అద్దాలు మాత్రం షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) రిపోర్టు వెంట ఉండాలి. చూపు ఎంత బాగున్నా షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కనుపాప విప్పారే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాల్సిందే. పరగడుపున రానక్కర్లేదు. టిఫిన్ తిని, రోజూ వేసుకునే మందులు వేసుకునే రండి. నీటికాసుల చుక్కలు వాడేవాళ్లు కూడా ఆ పూట మానొద్దు.

ఆ రోజు కాటుక, సుర్మా, మస్కారా వద్దు. చార్మినార్ దగ్గర కొన్న సుర్మా మీకెంత ఇష్టమైనా, సీసం కలిసిన రకాలు ఉన్నాయి కాబట్టి అసలే మానుకోవడం నయం. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఎన్ని రోజుల ముందు తీయాలో అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగాలి. గట్టి రకానికి మెత్తవాటి కంటే ఎక్కువ రోజులు పడుతుంది.

చుక్కలు వేస్తే కనుపాప విప్పారడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి చదవలేరు, ఎండ చూడలేరు. పిల్లలకు గట్టి చుక్కలు వేస్తే మరుసటి రోజు కూడా అలాగే ఉండొచ్చు. బండి వద్దు. ఆటోలోనో, ఎవరి వెనకనో కూర్చుని వెళ్లండి, నల్లద్దాలు, టోపీ తీసుకెళ్లండి. బిల్లు చుక్కలకు ముందే కట్టేయండి. యూపీఐలో సున్నాలు కనబడక ఐదు వందలకు ఐదు వేలు నొక్కినవాళ్లను చూశాను. "మీ కంటి కోణం సన్నగా ఉంది" (కంటి లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకని) అని ఇంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే, చుక్కలు వేయకముందే ఆ మాట చెప్పాలి.

ఈ వారం పని: ఒక కాగితం తీసుకోండి. పైన కొత్తగా రాసిన ఆ రెండు మూడు వాక్యాలు, కింద కుడి కన్ను, ఎడమ కన్ను క్యాలెండరు మీద ఏ వరుస దాకా చదివాయో, వెనక వైపు మందుల పేర్లు, కుటుంబంలో ఎవరికి ఏ కంటి జబ్బో. పాత అద్దాల చీటీ దొరికితే దానికి పిన్ను కొట్టి ఉంచండి. తర్వాతి పాఠంలో కుర్చీలో కూర్చుంటాం. "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగితే రెండూ ఒకేలా ఉన్నాయని ఎప్పుడు చెప్పాలో చూసి, ఆ చీటీ మీది స్ఫెరికల్, సిలిండర్, యాక్సిస్ గడులు చదువుదాం.