పాత రివర్బ్ యూనిట్ పోయాక ఏం పెట్టుకున్నాం

భజన కార్యక్రమాల్లో వాడే మా ర్యాక్ రివర్బ్ (గొంతుకి పెద్ద హాల్లో పాడినట్టు ప్రతిధ్వని కలిపే యూనిట్) పాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. కేబుళ్లు, అడాప్టరు మార్చినా తగ్గలేదు, ఒకటే టెన్షన్. గిటార్ పెడల్ చవకే గానీ, చాలా పెడల్స్ మిక్సర్ నుంచి వచ్చే లైన్ లెవెల్‌ని (గిటార్ కంటే బలమైన సిగ్నల్‌ని) తట్టుకోలేవు, గొంతు చీలిపోతుంది. ఎఫెక్ట్స్ లోపలే ఉన్న డిజిటల్ మిక్సర్ మంచి దారే, కానీ మా అనలాగ్ మిక్సర్ ఇంకా బాగుంది, దాన్ని పక్కన పెట్టడం నాకిష్టం లేదు.

అందుకే సెకండ్‌హ్యాండ్‌లో లెక్సికాన్ ఎంఎక్స్200 అనే ర్యాక్ ఎఫెక్ట్స్ యూనిట్ తీసుకున్నా. రెండు ఎఫెక్టులు విడివిడిగా నడుస్తాయి కాబట్టి ఒకదాంట్లో ప్లేట్ రివర్బ్ (లోహపు రేకు మోగినట్టుండే రకం), రెండోదాంట్లో డిలే (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) పెట్టా. టెంపో బటన్‌ని పాట వేగానికి తగ్గట్టు వరసగా నొక్కితే డిలే తాళానికి కలుస్తుంది (నిమిషానికి 90 బీట్లయితే 667 మిల్లీసెకన్లు).

అసలు తేడా సెట్టింగుల్లోనే ఉంది. గొంతుని పోస్ట్-ఫేడర్ ఆక్స్ (ఛానెల్ వాల్యూమ్‌తో పాటే పెరిగి తగ్గే అదనపు అవుట్‌పుట్) నుంచి యూనిట్‌కి పంపి, యూనిట్‌లో మిక్స్ 100 శాతం వెట్ (అసలు గొంతు లేకుండా ఎఫెక్టు మాత్రమే) పెట్టి, రిటర్న్‌ని (యూనిట్ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని) మిక్సర్‌లో మామూలు ఛానెల్‌లోకి తెచ్చి, ఆ ఛానెల్ ఆక్స్ మాత్రం పూర్తిగా మూసేయాలి, లేకపోతే శబ్దం మళ్లీ యూనిట్‌లోకే వెళ్లి, చుట్టూ తిరిగి కూత పెడుతుంది. ప్రీ-డిలే (గొంతు తర్వాత రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) 30 మిల్లీసెకన్లు ఇస్తే సాహిత్యం స్పష్టంగా వినిపిస్తుంది. మృదంగానికి నేను రివర్బ్ అస్సలు పంపను. రాతి మండపాల్లో గొంతుకి కూడా బాగా తగ్గించేస్తా, అక్కడ గోడలే ఆ పని చేస్తాయి.