రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి స్టోమా బ్యాగు మార్చడం ఎలా?

మా అమ్మకి ఇలియోస్టమీ, అంటే చిన్నపేగు చివరని పొట్ట మీది రంధ్రంలోంచి బయటికి తీసే ఆపరేషన్ అయింది. అలా బయటికి కనిపించే పేగు భాగమే స్టోమా, మలం దాని మీద అంటించిన బ్యాగులో పడుతుంది. గుండె లయ తప్పుతుందని రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర కూడా వేసుకుంటుంది. బ్యాగు మార్చేది నేనే.

మార్చాల్సింది పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే. అప్పుడే పేగు నెమ్మదిగా ఉంటుంది. కొత్త బ్యాగు, కొలత కార్డు, కత్తెర, గోరువెచ్చని నీళ్లు, ఉతికిన పాత పంచె ముక్కలు చాలు. దూది వద్దేవద్దు. దాని పోగులు స్టోమాకి అతుక్కుంటాయి, లాగితే గడ్డకట్టిన రక్తమూ ఊడొస్తుంది. డెట్టాల్ దరిదాపులకి రానివ్వకండి. కొత్త బ్యాగు రంధ్రాన్ని స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించి, అంచు గరుకు లేకుండా వేలితో రుద్దండి. బిగుతైతే ఆ అంచే కోస్తుంది.

అసలు కష్టం పాత బ్యాగు తీయడంలో ఉంది. చాలామంది ప్లాస్టర్ పీకినట్టు ఒక్క లాగు లాగేస్తారు. ఈ మాత్రలు వాడేవారి చర్మం దానికే కమిలిపోతుంది. ఒక చేత్తో పై అంచు పట్టుకుని, రెండో చేతి తడిగుడ్డతో చర్మాన్ని కిందికి నొక్కుకుంటూ రండి, మెల్లగా వదులుతుంది.

స్టోమాకి నొప్పి తెలియదు. గట్టిగా రుద్దినా మనిషి అబ్బా అనరు. అందుకే తడిగుడ్డతో అద్దాలి. అయినా ఒక్కోసారి రక్తం ఊరుతుంది. టెన్షన్ పడకండి. చన్నీళ్లలో తడిపిన గుడ్డ మడిచి, అక్కడే నొక్కి పట్టి, గడియారం చూస్తూ 5 నిమిషాలు ఉండండి. మధ్యలో ఎత్తి చూడొద్దు. మొదట్లో నేను అరనిమిషానికోసారి ఎత్తాను, ఎత్తినప్పుడల్లా మళ్లీ కారింది.

10 నిమిషాలు నొక్కినా ఆగకపోయినా, రక్తం పేగు లోపలి నుంచి వస్తున్నా, బ్యాగులో మలం తారులా నల్లగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆగితే చర్మం తడి లేకుండా ఆరనిచ్చి, బ్యాగు అంటించి, అరచేయి ఆనించి ఉంచండి.

రక్తం చూసి భయపడి మాత్ర సొంతంగా ఆపకండి, పక్షవాతం రావచ్చు. నీళ్ల విరేచనాలు ఎక్కువైనా, కొత్తగా యాంటీబయాటిక్ రాసినా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) ఎప్పుడు చేయించాలో డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. అమ్మకి 2 నుంచి 3 మధ్య ఉండాలన్నారు. గోంగూర, తోటకూర మానక్కర్లేదు, ప్రతి వారం ఇంచుమించు అంతే తినాలి. రక్తం పలచబడే ఇంకో మందు డబిగాట్రాన్ వాడేవారైతే, ఆ క్యాప్సూల్‌ని విప్పి మజ్జిగలో కలపకండి, మందు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కుతుంది. బ్యాగులో మాత్ర కరగకుండా కనిపిస్తే పారేయకండి. చిన్న డబ్బాలో వేసి డాక్టరుకి చూపించండి.