తొలకరికి ముందే మేకపోతును చూసుకోండి

మేకలు ఏడాది పొడుగునా ఎదకు వస్తూనే ఉంటాయి. కానీ తొలకరి పడి పచ్చిక లేచాక మందలో చాలావరకు ఒక్కసారే వస్తాయి. ఆ హడావుడిలో ఏ పోతు దగ్గరుంటే దానితోనే కట్టించేస్తాం. పాల కోసం మేకలు పెంచేవాళ్ళకు పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. జూలైలో కట్టిస్తే 5 నెలలకు, అంటే డిసెంబరులో ఈనుతాయి. ఆ ఈతలో పుట్టిన పెంటి పిల్ల పెరిగి, చూడి కట్టి, ఈని, పాలిచ్చేసరికి రెండేళ్ళు దాటిపోతాయి. పోతు మంచిది కాదని తెలిసేది అప్పుడే. ఈలోపు మందంతా దాని కూతుళ్ళే.

మాకు సరిగ్గా ఇదే జరిగింది. సంతలో ఒక జమునాపారి (పెద్ద మేకల జాతి) పోతును చూసి మనసు పారేసుకున్నాం. వేలాడే పొడవాటి చెవులు, చిలుక ముక్కులా వంగిన మూతి, నా నడుము దాటిన ఎత్తు. తల్లి రోజుకు 3 లీటర్లు ఇచ్చేదని అమ్మినాయన చెప్పాడు. ఆ తల్లిని మేం చూడలేదు. తర్వాత దాని కూతుళ్ళు ఆరు ఈనాయి, ఒక్కటి కూడా పూటకు అర లీటరు దాటలేదు. చన్నులు ఎంత చిన్నవంటే రెండు వేళ్ళతో గిల్లినట్టు పితకాల్సి వచ్చేది.

అందుకే చెబుతున్నాను, పోతు కంటే ముందు దాని తల్లిని చూడండి. పాలు పితికే వేళకే వెళ్ళండి, వీలైతే మీరే కూర్చుని పితకండి. పితకడం అయ్యాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడి వేలాడాలి. అప్పటికీ నిండుగా, గట్టిగానే ఉంటే అందులో ఉన్నది పాలు కాదు, కండ. చన్ను గుప్పిట్లో ఇమడాలి. ముందు పూట పితకకుండా పొదుగు నింపి చూపించేవాళ్ళూ ఉంటారు, కాబట్టి వరుసగా రెండు పూటలు చూడాలి. ఎన్నో ఈత, ఈని ఎన్ని నెలలైంది అని కూడా అడగండి. ఈనిన నెలకు ఏ మేకైనా బాగానే ఇస్తుంది. అయిదో నెలలో కూడా తగ్గకుండా ఇస్తున్న మేక కొడుకైతే నేను రెండు వేలు ఎక్కువ పెట్టయినా కొంటాను. ఆ పోతుకు అప్పటికే పాలిస్తున్న కూతుళ్ళుంటే మరీ మంచిది, వాటిని చూస్తే చాలు.

ఇక పోతును పట్టుకుని కిందికి వంగి చూడండి. వృషణాల ముందు దానికీ రెండు చిన్న చన్నులుంటాయి. రెండే ఉండాలి. మూడోది కనిపించినా, చన్ను చీలి ఉన్నా వదిలేయండి, ఆ లోపం కూతుళ్ళకు దిగుతుంది. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. మేక మీదికి ఎక్కేటప్పుడు బరువంతా వెనక కాళ్ళ మీదే పడుతుంది కాబట్టి నాలుగడుగులు నడిపించి చూడండి. పళ్ళు కూడా చూడండి. రెండు పళ్ళ పోతు (ముందు పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వచ్చినది) అయితే ఏడాది దాటినట్టు. దానికి మొదటి సీజనులో పది మేకలకు మించి వదలొద్దు. ఎదిగిన పోతు ఒకటి 25 మేకలకు సరిపోతుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సానెన్ (స్విట్జర్లాండు పాల మేకల జాతి) రక్తం ఉన్న మేకల్లో పుట్టు బోడివి, అంటే పుట్టుకతోనే కొమ్ములు లేనివి ఎక్కువ. పుట్టు బోడి మేకకు పుట్టు బోడి పోతును కట్టిస్తే, పుట్టే పెంటి పిల్లల్లో కొన్ని అటూ ఇటూ కాకుండా పుడతాయి, అవి ఎన్నటికీ చూడి కట్టవు. కొమ్ములు లేకుండా చేసే జన్యులోపమే దీనికీ కారణమని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2001లో తేల్చారు. రెండింట్లో ఒకటి కొమ్ములతో పుట్టినదై ఉంటే ఈ భయం లేదు. చిన్నప్పుడు కొమ్ములు కాల్చినవి బోడివి కిందికి రావు.

మొదటి ఈత నాటు మేకలకు పెద్ద జమునాపారి పోతును అసలు వదలొద్దు. పిల్ల పెద్దదై అడ్డం పడితే తల్లీ పిల్లా రెండూ పోతాయి.

తెచ్చిన పోతును వెంటనే మందలో కలపకండి. నెల రోజులు విడిగా కట్టేయండి. ఈలోపు నట్టల మందు తాగించి, పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా వేయించి, బ్రూసెల్లోసిస్ కోసం రక్త పరీక్ష చేయించండి. ఆ జబ్బు మందలో చొరబడితే చూడి మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి. పచ్చి పాలు తాగినా, ఈసుకుపోయిన పిల్లను ఉత్త చేతులతో తీసినా మనకూ అంటుకుంటుంది, నెలల తరబడి జ్వరం వదలదు.

పోతుకు వీర్యం తయారవడానికి దాదాపు 2 నెలలు పడుతుంది. మే నెల ఎండలో వడదెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా ఆ నష్టం జూలైలో బయటపడుతుంది. అందుకని మేలోనే చెట్టు నీడ, రోజంతా చల్లటి నీళ్ళు చూసుకోండి. బలం వస్తుందని తవుడు మాత్రం దండిగా పెట్టకండి. తవుడులో భాస్వరం ఎక్కువ, దానివల్ల మూత్రంలో రాళ్ళు పడతాయి. పోతు మూత్రనాళం సన్నం. ముక్కుతూ, అరుస్తూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మర్నాటి దాకా ఆగొద్దు, ఆ గంటలోనే డాక్టర్ని పిలవండి.

పోతును పాలు పితికే చోటికి దూరంగా కట్టండి, దాని వాసన పాలకు పట్టేస్తుంది. మగ పిల్లల్ని మూడో నెలలోనే వేరు చేయండి, అయిదో నెలకే తల్లిని, చెల్లిని ఎక్కేస్తాయి. మీ పోతుకు పుట్టిన కూతుళ్ళు ఎదకు వచ్చేలోపు దాన్ని మార్చుకోండి. వేరే ఊళ్ళో పాల మేకలున్న రైతుతో మార్పిడి చేసుకుంటే ఖర్చూ ఉండదు.

వదిలే రోజుల్లో పోతు రొమ్ముకు కాస్త జాజును (ఎర్రమట్టి పొడిని) నూనెలో కలిపి పూయండి. ఏ మేక నడుము మీద ఎరుపు అంటిందో చూసి, ఆ తేదీ క్యాలెండరులో రాసుకోండి. మళ్ళీ 18 నుంచి 21 రోజుల మధ్య ఆ మేకల్నే గమనించండి. ఒకటీ అరా తిరిగి ఎదకు వస్తే కంగారు పడక్కర్లేదు. సగానికి పైగా వస్తే తప్పు మేకల్లో వెతకొద్దు, ముందు పోతును పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి వీర్యం పరీక్ష చేయించండి.