వైఫై ఉంది, నెట్ లేదు: లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. వైఫై కలిసిందంటే ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా దారి ఉన్నట్టు, అంతే. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ రాకపోతే దగ్గర నుంచి దూరానికి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలి.

ముందు ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే లైన్‌లో సిగ్నల్ లేనట్టే. ఇక కంప్యూటర్‌తో పని లేదు, కంప్లైంట్ ఇవ్వండి.

లైట్లు బాగుంటే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్‌ను గుర్తించే నంబరు. దాని దగ్గర సాధారణంగా 192.168తో మొదలయ్యే నంబరు ఉంటుంది. అది మీ ఇంటి వరకే చెల్లుతుంది, పక్కింట్లోనూ అదే ఉండొచ్చు. ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 430 కోట్ల అడ్రస్‌లు, అన్ని పరికరాలకూ చాలవు. అందుకే ఇంట్లోని ఫోన్లూ టీవీలూ అన్నీ బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్లేలా రౌటర్ చూస్తుంది. ఆ పనినే న్యాట్ అంటారు.

నంబరు 169.254తో మొదలైతే చిక్కు అక్కడే ఉంది. అడ్రస్‌లు కేటాయించే డీహెచ్‌సీపీ నుంచి మీకేమీ అందలేదు, విండోసే సొంతంగా ఒకటి పెట్టుకుంది. వైఫై తీసి మళ్లీ కలపండి.

డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే నంబరు మీ రౌటర్‌ది. పింగ్ అంటే అవతలిది పలుకుతుందో లేదో పిలిచి చూడటం. అదే విండోలో పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు ఇవ్వండి. రిప్లై వస్తే రౌటర్ పలుకుతున్నట్టే. కానీ రిప్లై పక్కన అన్‌రీచబుల్ అని ఉంటే మోసపోకండి, అది మీ కంప్యూటర్ తనకు తాను చెప్పుకుంటున్న మాట.

తర్వాత 8.8.8.8కి పింగ్ చేయండి. అది గూగుల్ సర్వర్. రౌటర్ పలికి ఇది పలకకపోతే లోపం చాలావరకు ఆపరేటర్ వైపే. ఫోన్ చేసేముందు బిల్లు కట్టారో లేదో చూసుకోండి!

ఆ నంబరు పలుకుతున్నా గూగుల్ డాట్ కామ్ అనే పేరుకు పింగ్ వెళ్లకపోతే అనుమానం డీఎన్‌ఎస్ మీదే. సైటు పేరుకు ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది అదే. 1983లో పాల్ మొకపెట్రిస్ దాన్ని రూపొందించక ముందు పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి, అందరూ దాన్నే కాపీ చేసుకునేవాళ్లు. సెట్టింగ్స్‌లో మీ వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి, డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకోండి. ఐపీవీ4 ఆన్ చేసి 1.1.1.1, దాని కింద 8.8.8.8 ఇచ్చి సేవ్ చేయండి. దీంతో స్పీడ్ రెట్టింపవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పేరు వెతకడం కాస్త త్వరగా అవుతుందేమో గానీ, డౌన్‌లోడ్ మీ ప్లాన్‌ని బట్టే ఉంటుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం డీఎన్‌ఎస్ జోలికి పోకండి. కొన్ని ఆఫీసు సైట్లు వాళ్ల సొంత డీఎన్‌ఎస్‌తోనే తెరుచుకుంటాయి, ఐటీ వాళ్లనే అడగండి.