పెళ్లి ఆట అప్పగింతలతో ఆగాలి: అన్ని వయసుల సర్వర్లో రోల్‌ప్లే నడిపేవాళ్ల కోసం

ఆటలో ఒక పాత్ర వేసుకుని, దాని మాటలు మాట్లాడుతూ కథ నడిపించడాన్ని రోల్‌ప్లే, పొట్టిగా ఆర్‌పీ, అంటారు. విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు నడిపే తెలుగు రోల్‌ప్లే సర్వర్లలో బ్రాడీపేట తొమ్మిదో తరగతి పిల్లాడూ, బెంజి సర్కిల్ హాస్టల్లో ఉండే బీటెక్ కుర్రాడూ, ఉద్యోగం చేసే ముప్పై ఏళ్ల మనిషీ ఒకే చాట్‌లో ఉంటారు. అలాంటి చోట శృంగార సన్నివేశాలు ఆడే పెద్దల రోల్‌ప్లే, ఆర్‌పీ ఆడేవాళ్ల మాటలో ఈఆర్‌పీ, ఉండొచ్చా? ఉండకూడదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఆడుకుంటే అది వాళ్ల సొంత వ్యవహారం. కానీ అన్ని వయసుల సర్వర్లో ఎదుటి పాత్ర వెనక ఉన్నది పెద్దవాళ్లేనని తేల్చుకునే దారి ఎవరికీ లేదు. పక్కన నిలబడి చాట్ చదువుతున్న పిల్లల్ని ఇష్టమో కాదో అడిగేవాళ్లూ లేరు.

అకౌంటులో ఉన్న వయసును నమ్మకండి. మన ఇళ్లలో ఆట అకౌంటు చాలాసార్లు అమ్మ జీమెయిల్ మీదో నాన్న నంబర్ మీదో తెరుస్తారు. దాంతో పదకొండేళ్ల పిల్ల ఆట లెక్కలో నలభై ఏళ్ల మనిషి అయిపోతుంది, పిల్లల కోసం పెట్టిన రక్షణలేవీ ఆమెకు వర్తించవు. తల్లిదండ్రులు ముందుగా సరిచేయాల్సింది ఇదే. నిజమైన పుట్టినతేదీతో పిల్లల పేరున అకౌంటు తెరిచి, దాన్ని మీ అకౌంటుకు కలపండి. మైన్‌క్రాఫ్ట్‌కు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ గ్రూపు ఉంది. రోబ్లాక్స్‌లో తల్లిదండ్రుల అకౌంటు ఉంది. అక్కడి ఆటలకు మినిమల్, మైల్డ్, మోడరేట్, రిస్ట్రిక్టెడ్ అనే నాలుగు లేబుళ్లు ఉంటాయి. పెద్దలకే పరిమితమైన రిస్ట్రిక్టెడ్ పోగా, మిగతావాటిలో పిల్లలకు ఎంతవరకు అనుమతించాలో మీరే పెట్టొచ్చు. సర్వర్ సభ్యులు మాట్లాడుకునే డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కు కనీస వయసు 13. అంతకన్నా చిన్నవాళ్లు అందులో ఉండకూడదు.

ఇక సర్వర్ నడిపేవాళ్ల పని. మొదట ఎవరికోసం నడుపుతున్నారో తేల్చుకోండి. జీటీఏ 5 ఆటకే యూరప్ రేటింగ్ 18, కాబట్టి దాని మీద ఫైవ్‌ఎం అనే అదనపు ప్రోగ్రాంతో నడిచే రోల్‌ప్లే సిటీని ‘అందరికీ’ అని ప్రకటించడమే తప్పు. మైన్‌క్రాఫ్ట్‌లో బెసెంట్ రోడ్డు, ప్రకాశం బ్యారేజీ కట్టి పిల్లల్ని పిలుస్తుంటే మాత్రం అది పిల్లల సర్వరే. ఒకే డిస్కార్డ్‌లో అందరినీ ఉంచి, కింద ఒక 18+ ఛానల్ తెరవడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. తాళం వేసింది ఛానల్‌కు మాత్రమే. సర్వర్ అందరిదీ ఒకటే, అందులో డీఎంలు (నేరుగా ఒకరికే పంపే సందేశాలు) మూసుకోనివాళ్లకు ఎవరైనా డీఎం పంపగలరు. పైగా ఆ తాళం ముందు పిల్లలు గుమిగూడతారు. పెద్దలకు కావాలంటే వేరే పేరుతో, వేరే అడ్మిన్లతో, వయసు రుజువు చూసి చేర్చుకునే వేరే చోటు ఉండాలి, పిల్లల సర్వర్లో దాని లింకు కనిపించకూడదు. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ప్రపంచం చాలాముందే ఈ బాట పట్టింది. 2005లో టీనేజర్లకు విడి గ్రిడ్, అంటే వేరే లోకం, పెట్టింది, 2009లో పెద్దల వ్యవహారాలను జిండ్రా అనే విడి ఖండానికి తరలించింది.

తర్వాత నియమం రాయండి. ‘మర్యాదగా ఉండండి’ అని రాస్తే ప్రతి గొడవలోనూ మర్యాదంటే ఏమిటన్న వాదనే నడుస్తుంది. ఇలా రాయండి: “ఈ సర్వర్లో 18 ఏళ్లలోపువాళ్లు ఉన్నారు. శృంగార సన్నివేశాలు చాట్‌లో, విస్పర్‌లో (ఆటలో ఒకరికే కనిపించేలా పంపే మాట), వాయిస్‌లో, పుస్తకాల్లో, బోర్డుల మీద ఎక్కడా ఆడకూడదు. పాత్ర వయసు ఎంతని చెప్పినా ఇదే నియమం. ఇక్కడ పరిచయమైనవాళ్లను అందుకోసం బయటి డీఎంకు పిలిచినా బ్యాన్. విస్పర్లు అడ్మిన్లకు కనిపిస్తాయి.” ఆఖరి వాక్యాన్ని వదిలేయకండి. చెప్పకుండా చదివితే మీ మీద నమ్మకం పోతుంది. చెప్పి చదివితే సగం బెడద ముందే తగ్గుతుంది.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. ‘సన్నివేశం ముదరగానే తెర దించేస్తాం’ అనే ఒప్పందం పెద్దల మధ్య బాగానే పనిచేస్తుంది. పిల్లలున్న చోట మాత్రం తెర దిగాక మిగతాది డీఎంలో సాగుతుంది, అక్కడ మీ కన్ను ఉండదు. అందుకే తెర దించే చోటు దాకా వెళ్లనివ్వకూడదు.

మన సర్వర్లలో ఇది బాగా తెలిసేది పెళ్లి ఆర్‌పీలో. పెళ్లి ఆట చక్కని ఆట. పెళ్లిచూపులు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, భోజనాల బంతి, వీటన్నిటిలో పాతికమందికి పాత్రలు దొరుకుతాయి. దాన్ని నిషేధించొద్దు, హద్దు పెట్టండి. మొదలయ్యే వేళా ముగిసే వేళా ముందే ప్రకటించండి, గంటన్నర చాలు. అప్పగింతలు కాగానే నిర్వాహకుడు ఓఓసీలో, అంటే పాత్ర నుంచి బయటికొచ్చి మాట్లాడే చాట్‌లో, ‘సీన్ అయిపోయింది’ అని రాసి అందరినీ స్పాన్‌కు, ఆట మొదలయ్యే చోటికి, తీసుకురావాలి. కొత్త జంటకు తాళం పడే ఇల్లు ఇవ్వకండి. తర్వాతి సీన్ విస్పర్‌లో ఆడదామనే పిలుపు ఎక్కువగా ఈ సందులోనే వస్తుంది. బావామరదళ్ల సరసాలకూ ఇదే కొలత: పదిమంది ముందు పలకగలిగిన మాటైతే సరే.

ఫిల్టర్ల దగ్గర తెలుగు సర్వర్లకు అదనపు చిక్కు ఉంది. సిద్ధంగా దొరికే ఫిల్టర్లు ఇంగ్లీషు బూతును పట్టినంత బాగా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును పట్టవు. మన ‘ద’ను ఒకరు డి అని, ఇంకొకరు డి-హెచ్ అని రాస్తారు. దీర్ఘానికి ఒకరు ఒక ఏ పెడితే ఇంకొకరు మూడు పెడతారు, మధ్యలో చుక్కలు కూడా చేరుస్తారు. డిస్కార్డ్‌లో మాటల్ని పట్టే ఆటోమాడ్ అనే ఫిల్టర్‌లో ఒక్కో మాటకు కనీసం ఐదారు వర్ణక్రమాలు పెట్టండి, తెలుగు లిపిలో ఉన్నదీ చేర్చండి. పొట్టి ముక్క పెట్టి దాని వెనక, ఆ ముక్కతో మొదలయ్యే ప్రతి మాటనూ పట్టే నక్షత్రం గుర్తు తగిలించకండి. అలా చేస్తే పూజ, పూరీ, పూలకొట్టు కూడా ఆగిపోతాయి, విసిగిపోయిన మోడ్ (సర్వర్‌ను కనిపెట్టుకునే మోడరేటర్) రెండో రోజే ఫిల్టర్ తీసేస్తాడు. మొదటి వారం సందేశాన్ని ఆపకుండా, అడ్మిన్ల ఛానల్‌కు హెచ్చరిక మాత్రం వచ్చేలా పెట్టండి. తప్పుగా పట్టిన మాటలు ఏరేశాక ఆపడం మొదలుపెట్టండి.

మైన్‌క్రాఫ్ట్ జావా (కంప్యూటర్లో ఆడే రకం) సర్వర్లో ఎసెన్షియల్స్ ఎక్స్ అనే ప్లగిన్ ఉంటే సోషల్‌స్పై కమాండుతో విస్పర్లు చూడొచ్చు. కోర్‌ప్రొటెక్ట్ అనే ఇంకో ప్లగిన్ చాట్‌నూ కమాండ్లనూ నమోదు చేస్తుంది. ఆటలో ఆటగాళ్లు రాసుకునే పుస్తకాలను ఎవరూ గమనించరు. ఒక్కో దాంట్లో 100 పేజీల దాకా రాసి పెట్టెలో దాచొచ్చు, అది చాట్ ఫిల్టర్ కంట పడదు. పెట్టెల్లోని పుస్తకాలను వారానికొకసారి తిరగేయండి. సాయంత్రం 7 నుంచి రాత్రి 11 దాకా, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పగలంతా ఇద్దరు మోడ్‌లు ఉండాలి. ఇద్దరూ పెద్దవాళ్లే కావాలి. పదిహేనేళ్ల మోడ్‌కు ఇలాంటి చాట్ చదివే పని అప్పగించకండి.

నియమం తప్పినప్పుడు వరుస ముఖ్యం. చాలామంది ముందు సందేశం చెరిపేసి ఆపై ఫిర్యాదు చేస్తారు. చెరిపేస్తే ఆధారం పోతుంది. ముందు సందేశం లింకు, యూజర్ ఐడీ, తేదీ, వేళ రాసుకుని, రాతకు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత ఆట కంపెనీకి రిపోర్ట్ చేయండి. మైన్‌క్రాఫ్ట్ జావా 1.19.1 నుంచి పీ నొక్కితే వచ్చే తెరలోనే రిపోర్ట్ ఉంది. బ్యాన్, చెరపడం ఆ తర్వాత. అడ్మిన్లు ఏం చేశారో నమోదయ్యే డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజులే నిలుస్తుంది, నెల దాటనివ్వకండి. పిల్లల నగ్నచిత్రం కనిపిస్తే మాత్రం దాన్ని దాచుకోకూడదు, సాక్ష్యం కోసమని తోటి అడ్మిన్‌కైనా పంపకూడదు. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద దాన్ని సేకరించడం, పంచడం కూడా నేరమే. లింకు, ఐడీ రాసుకుంటే చాలు.

ఒక పెద్ద మనిషి పిల్లలతో ఇలాంటి ఆట ఆడుతున్నాడని తెలిస్తే అది సర్వర్ గొడవగా మిగలదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. 19వ సెక్షన్ కింద నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. పిల్ల గుంటూరులో, అడ్మిన్ విజయవాడలో ఉన్నా ఆగనక్కర్లేదు. నేరం తమ పరిధిలో జరగకపోయినా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. 1098 పిల్లల హెల్ప్‌లైన్. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. చాట్ బయటపెడతానని డబ్బు అడుగుతుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తల్లిదండ్రులు కోపంతో ఫోన్ లాక్కుని అకౌంటు తీసేయకండి. ఆధారం పోతుంది, పిల్ల రేపు స్నేహితురాలి ఫోన్లో ఇంకో ఐడీ తెరుస్తుంది.

ఆడింది ఇద్దరూ పిల్లలే అయితే పద్ధతి వేరు. సీన్ ఆపి, ఇద్దరికీ 24 గంటల టైమౌట్ ఇవ్వండి. ఇద్దరు పెద్ద మోడ్‌లు కలిసి, విడివిడిగా, మెల్లగా మాట్లాడి, ఇది ఎవరు నేర్పారో అడగండి. చాలాసార్లు మూడో పేరు బయటికొస్తుంది, మీరు వెతకాల్సింది ఆ ఐడీనే. ప్రకటనల ఛానల్లో పిల్లల పేర్లు పెట్టకండి, స్క్రీన్‌షాట్ అసలే వద్దు. ఇద్దరిదీ ఒకే స్కూలైతే తెల్లారేసరికి క్లాసంతా తెలిసిపోతుంది.